బొట్టు పెట్టి పిలిచిన చుట్టం

అసురసంధ్య!

ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళ... దిక్కూ మొక్కూ లేని ప్రేతాత్మలు గడపగడపకూ తచ్చాడే వేళ! మన దగ్గర ఆ గడియ ఆరింటికో ఏడింటికో గాని రాదు. కెనడాలో జనవరి నెలలోనైతే ఐదు కొట్టకుండానే వచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఆ సాయంత్రం ఒషావా పట్టణం మీద కారుమేఘాలు కిందికి దిగబడ్డాయి. మంచు తుఫాను వికటాట్టహాసం చేస్తోంది. ఇళ్ళ వెనకాల దేవదారు చెట్లలోంచి ఒక గుడ్లగూబ... హూ... హూ... అని కూసింది. మంచు కురిసేటప్పుడు ఉరమడం ఆ ఊరివాళ్ళు దాదాపు ఎరగరు. ఆ రోజు ఉరిమింది! గోడలు అదిరేలా ఉరిమింది!

కాఫీ షాపులో షిఫ్టు ముగించుకుని వచ్చిన నిఖిల, రూమ్మేట్ చరితతో కలిసి అద్దెకుంటున్న బేస్‌మెంట్ తలుపు తీసి, లోపలికి అడుగు వేయబోయి ఆగిపోయింది.

గుమ్మానికి అడ్డంగా చరిత నిలబడి ఉంది. నిటారుగా... రెప్ప వాల్చకుండా... ఉత్తి కాళ్ళతో! ఆ కాళ్ళకు చీలమండల దాకా ఎర్రమట్టి! బయట చూస్తే మోకాలి లోతు మంచు. ఆ చుట్టుపక్కల ఎర్రమట్టి అన్నది మచ్చుకైనా లేదు.

“ఒసేయ్ చరితా, ఏంటే అలా నిలబడ్డావ్? తప్పుకోవే, చలికి చచ్చిపోతున్నా!”

నిఖిల ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఆ చెయ్యి కదలలేదు. పెదవులు మాత్రం కదిలాయి... ఏదో భాష... తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, మనుషులు మాట్లాడడం మానేసి ఎన్ని వందల ఏళ్ళయిందో తెలియని భాష! గొంతు కూడా చరితది కాదు. నిఖిల కెవ్వున అరిచి, పైన ఉండే ఇంటివాళ్ళ లోపలి మెట్ల మీదే ఆ రాత్రంతా కూర్చుంది.

తెల్లవార్లూ చరిత ఆ గడప కాసింది. వెలుగొచ్చాక నేల మీద కూలబడి, “నిఖిలా, నాకేమైందే? కాళ్ళు గుంజుతున్నయే” అని ఏడ్చింది.

ఏమైందో ఆ పిల్లకి తెలుసు. తెలిసీ తనకు తానే అబద్ధం చెప్పుకుంటూ వచ్చింది, అంతే.

చరితది సూర్యాపేట. ఒషావాలో కాలేజీ సీటు, జనవరి ఇన్‌టేక్. చవగ్గా వస్తుందని కన్సల్టెన్సీ వాడు బ్యాంకాక్ మీదుగా టికెట్ చేశాడు. తీరా అక్కడ దిగాక పై విమానం రద్దయింది, నాలుగు రోజులు ఆగమన్నారు. థాయ్‌లాండ్‌లో ఇండియావాళ్ళకి వీసా అక్కర్లేదని అప్పుడే కొత్తగా పెట్టారు కాబట్టి బయటికి రానిచ్చారు. ఆ మహానగరం హోరు పడలేక, ఒక ప్యాసింజర్ రైలెక్కి, కిటికీలోంచి చూస్తే ప్రశాంతంగా అనిపించిన స్టేషన్లో దిగేసింది. ఊరి పేరు బాన్ థాంగ్‌లామ్.

టూరిస్టులు ఆ ఊరి మొహం చూడరు. స్టేషన్లో ఒక బెంచీ, బెంచీ కింద ఒక కుక్క. వీధి మొత్తానికి ఒకటే నూడుల్స్ దుకాణం, నడిపేది ఒక ముసలమ్మ. మధ్యాహ్నమైతే కొట్లవాళ్ళందరూ ఫ్యాను కింద కునుకు తీస్తారు. ప్రతి ఇంటి ముందూ గుంజ మీద బొమ్మరిల్లంత గుడి, దాని ముందు స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా. దేవుడికి కూల్‌డ్రింకా అని చరిత నవ్వుకుంది. ఎదురైన వాళ్ళంతా చక్కగా నవ్వారు గాని, ఈమె మాట ఒక్కరికీ రాదు, వాళ్ళ మాట ఈమెకి రాదు. నోరు విప్పి మాట్లాడి రెండు రోజులు దాటిపోయింది. అంతకు ముందు ఆ పిల్ల ఒక్కతే ఎక్కడా పడుకుని ఎరగదు.

ఊరి చివర వరిపొలాల మధ్య పురాతన దేవాలయ శిథిలాలు! ఎర్రరాతి ప్రాకారం, కూలిన శిఖరం, మండపంలో మొలిచిన గడ్డి, ఆ గడ్డి మేసే ఆవులు. టికెట్టు లేదు, అడిగేవాడు లేడు. గర్భగుడిలో పగిలిన పానవట్టం కనబడేసరికి “అయ్యో, మా శివుడే!” అని చరిత ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి, బయటికొస్తూ తూర్పు గుమ్మం దగ్గర ఆగింది.

అక్కడొక రాతి ఆడమనిషి... నడుము దాకా భూమిలో పాతుకుని ఉంది! వానలకి మొహం అరిగిపోయింది. ఊరివాళ్ళెవరూ ఆ గుమ్మంలోంచి నడవడం లేదు, పక్కన కూలిన గోడ ఎక్కి దిగి పోతున్నారు. ఆమె ముందు ఎర్ర సోడా లేదు, పువ్వు లేదు, అగరొత్తి పుల్ల లేదు. చరితకి జాలి ముంచుకొచ్చింది. ఆ ఎండలో ఆమె పక్కనే చతికిలబడి తెలుగులో కబుర్లు మొదలుపెట్టింది. ఫ్లయిట్ సంగతి, కాలేజీ సంగతి, వెళ్ళబోయే చోట తనకెవరూ లేరన్న సంగతి, అన్నీ చెప్పింది.

“నువ్వు కూడా ఒక్కదానివేనా అమ్మా?” అంది. అని, బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసింది.

మనవాళ్ళు కాక మరొకరు చేయలేని తప్పు అది! మన ఇళ్ళల్లో పేరంటానికి ఉత్తి మాటతో పిలిస్తే పిలుపు కాదు. ఎదుటి మనిషి నుదుట బొట్టు పెట్టి, మా ఇంటికి రావాలమ్మా అనాలి. అలా పిలిచాక వచ్చిన మనిషిని పొమ్మనడం అంత పాపం మరొకటి లేదు. చరిత ఆ అరిగిన నుదుటి మీద బొట్టు పెట్టింది. అలవాటు కొద్దీ నోటంట మాట జారిపోయింది: “మా ఇంటికి రావాలమ్మా.”

ఆవులు గడ్డి మేయడం ఆపేశాయి. దారిన పోతున్న నూడుల్స్ ముసలమ్మ అది చూసి చేతిలో గిన్నె వదిలేసింది. అరుచుకుంటూ వచ్చి, సీసాలో నీళ్ళు ఆ రాతి మొహాన పోసి తన భుజం మీది తుండుగుడ్డతో తుడిచింది... ఎంత తుడిచినా బొట్టు పోలేదు! ముసలమ్మ చరితను రోడ్డు మీదికి తోసి, పో, పో అని సైగలు చేసింది. ఈమెకి పిచ్చేమో పాపం అనుకుంది మన చరిత.

ఒషావా చేరిన మొదటి రాత్రే కల వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ గుడి... కడుతున్న గుడి! గుమ్మం నిలవడం లేదని రాజు నరబలి కోరాడు. బలికి ఎవరు? ఎక్కడినుంచో పని వెతుక్కుంటూ ఆ ఊరొచ్చిన పడుచుపిల్ల. ఆమెకు ఊళ్ళో చుట్టం లేదు, పక్కం లేదు, పోతే అడిగే దిక్కు లేదు. సంధ్యవేళ మంత్రగాళ్ళు ఆమెను పిలిచి, గుంటలో నిటారుగా నిలబెట్టి, ప్రాణం ఉండగానే మట్టి కప్పేశారు! “ఈ వాకిలి కాచుకో” అన్నారు. ఆనాటి నుంచి ఆమె రాయై కాస్తూనే ఉంది. మళ్ళీ ఒక మనిషి ఆమెను పిలవడం అదే మొదలు!

వచ్చిన చుట్టం రానురాను చరిత ఒంట్లో పూర్తిగా చోటు చేసుకుంది. పొద్దు గూకితే చాలు గుమ్మం దగ్గర శిలై నిలబడడమే! జుట్టు దువ్వెనకు ఊడొస్తోంది. ఒళ్ళు మంచుగడ్డ అయిపోతోంది. క్లినిక్‌లో టెస్టులన్నీ చేసి ఏమీ లేదన్నారు. ఫిబ్రవరికి చరిత నడిస్తే ఎముకలు నడిచినట్టుండేది. ఇంకొన్నాళ్ళిలా సాగితే ప్రాణం దక్కదని ఆమెకే తెలిసిపోయింది.

అయినా సిగ్గు విడిచి చెప్పాలంటే, భయంతో పాటు మరొకటీ ఉండేది. నిఖిలకు క్లాసులు, వేళాపాళా లేని షిఫ్టులు. ఆ గొడవ జరిగాక భయపడి, మిగిలిన కాస్త సమయం కూడా లైబ్రరీలోనే గడిపేది. ఇద్దరూ మొహాలు చూసుకుని వారాలు గడిచేవి. చరిత పగటిపూట వేర్‌హౌస్ పని చేసి వస్తూ మంచులో బస్సు కోసం నిలబడితే, పక్కన ఎవరో ఉన్నట్టు వెచ్చగా తగిలేది. చరిత అడుగుల పక్కనే మంచు కరిగి మరో జత అడుగులు కనబడేవి. ఒక్కతే కంచం ముందు కూర్చుంటే, ఎదురుగా ఎవరో కూర్చుని తిన్నావా అని అడిగినట్టుండేది. ఆ మహానిశ్శబ్దంలో ఆమెను అడిగింది ఆ ఒక్కతే!

“ఇలా కాదే, నువ్వు చచ్చిపోతావ్! వీరభద్రరావు అంకుల్‌ని పిలుస్తా. ఆయనకి ఇలాంటివి తెలుసంట” అంది నిఖిల మార్చిలో ఒకరోజు.

అంకుల్ అంటే అక్కడి తెలుగు పిల్లలందరికీ దేవుడే. ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన మనిషి. కొత్తగా దిగినవాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తెస్తాడు, పరుపులు ఇప్పిస్తాడు, ఇంటింటికీ పప్పు, వేపుడు డబ్బాలు దింపుతాడు. డబ్బా దింపేటప్పుడు మాత్రం ప్రతి పిల్లనీ ఒక ప్రశ్న అడుగుతాడు. ఇంటికి రోజూ ఫోన్ చేస్తావా, ఇక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఎంత ఆపేక్షో అనుకునేవారు. గోముఖ వ్యాఘ్రమని ఒక్కరికి తడితేనా!

ఆయన వచ్చాడు. చరిత మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బల్బు టప్పున పేలింది! చీకట్లో ఆయన కళ్ళు తెరిస్తే అవి మెరిశాయి... ఆ మెరుపులో జాలి లేదు, ఆకలి ఉంది!

“బలిపడిన కన్య తల్లీ! కావలి శక్తి! మామూలు తాయెత్తులకి లొంగేది కాదిది” అన్నాడు మెత్తగా. “వచ్చే నెల కొత్త అమావాస్య, సోమవారం. అదే రోజు పట్టపగలు సంపూర్ణ సూర్యగ్రహణం. సరస్సు ఒడ్డున నాకో పాత షెడ్డుంది, అక్కడ చీకటి పూర్తిగా పడుద్ది. నువ్వు పిలిచిన నోటితోనే మూడుసార్లు పొమ్మనాలి. మిగతాది నేను చూసుకుంటాగా. నువ్వొక్కదానివే రావాలమ్మా, ఇంకో ఆడపిల్ల ఉండకూడదు.”

“అంతేనా అంకుల్? పొమ్మంటే పోతదా?”

“ఎందుకు పోదు? మీ అంకుల్ మీద నమ్మకం లేదా?”

గ్రహణం రోజు హైవే నిండా కార్లు. ఖగోళ వింత చూడాలని జనం తూర్పుకి విరగబడ్డారు. అంకుల్ వ్యాను మట్టిరోడ్డు పట్టి, మనుషుల అలికిడి లేని చోట ఒక శిథిలమైన షెడ్డు ముందు ఆగింది. ఎదురుగా ఒంటారియో సరస్సు, సముద్రమంత... ఆకాశం నిండా మేఘాలు. సూర్యబింబాన్ని రాహువు కబళించడం మొదలుపెట్టాడు. బాతులు గుంపులు గుంపులుగా ఒడ్డు చేరి, మెడలు రెక్కల్లో దాచుకున్నాయి. పట్టపగలే షెడ్డు వాసం మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది!

లోపల నల్లగుడ్డ పరిచి ఉంది. బూడిదతో గీసిన వలయం... పసుపు కుంకుమలు కలిపిన ముద్దలు... కోసిన నిమ్మకాయలు... మధ్యలో ఒక కపాలం! చరితను వలయంలో కూర్చోబెట్టగానే కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పాయి. వీరభద్రరావు చొక్కా విప్పి, విభూతి పూసుకుని, హోమం రగిల్చాడు. ఎర్రటి పొగ సుడులు తిరిగింది. “హ్రీం... క్లీం... ఫట్!” ఆ ఘోషకు రేకులు గడగడలాడాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము!

చరిత లోపలినుంచి ఏదో పెకలించుకుని లేస్తోంది. పొగలో ఆ రాతి స్త్రీ ఆకారం కట్టింది. నడుము కింద మట్టి... నుదుట బొట్టు... చరిత వైపే చూస్తున్న అరిగిపోయిన మొహం!

“అను!” గర్జించాడు అంకుల్.

చరిత బతకాలనుకుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఎందుకనుకోదు? కళ్ళు గట్టిగా మూసుకుంది.

“వెళ్ళిపో...”

ఆ మొహం కొంచెం వాడింది.

“మళ్ళీ అను!”

“వెళ్ళిపో...” అనేసరికి చరిత గుండె లయ తప్పింది. ఊపిరి అందలేదు. తన ప్రాణమే ఆ పొగతో పాటు బయటికి జారిపోతోందని అర్థమైంది. భయంతో కళ్ళు తెరిచింది. సరిగ్గా అప్పుడే కర్పూరం భగ్గుమంది. ఆ వెలుగులో కపాలం పళ్ళ మీద సన్నని తీగ తళుక్కుమంది.

పళ్ళకి క్లిప్పులు! ఏ శ్మశానం నుంచో తవ్వి తెచ్చిన పాత పుర్రె కాదది... నిన్న మొన్నటి ఆడపిల్ల పుర్రె!

“ఇది... ఎవరిది అంకుల్?”

వీరభద్రరావు నవ్వాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, ఆ నవ్వులో ఆపేక్ష అంతా రాలిపోయింది.

“అమృత అని, నీకన్నా ముందు బ్యాచ్. బంగారం లాంటి పిల్ల, రోజూ నా డబ్బానే తినేది. కాలేజీ మానేసి ఎటో పోయిందనుకున్నారు అందరూ. ఒక్కడు వెతకలేదు! నువ్వు పోయినా అంతే. అడిగే దిక్కెవరమ్మా నీకు? మూడోసారి అను. నీ ప్రాణం ఆధారంగా ఆ శక్తి ఈ కపాలంలో కూర్చుంటది. నేను గీసిన గీత దాటే మొనగాడు ఈ భూమ్మీద ఉండడు ఇంక! అను! అనకపోతే ఇక్కడే గొంతు కోస్తా!”

కత్తి ఆమె కంఠానికి ఆనింది. బయట చివరి వెలుగు రేఖ ఆరిపోయింది. సంపూర్ణ గ్రహణం! మేఘాల చీలికలో నల్లని సూర్యుడు... భూమ్యాకాశాలు ఏకమైన అంధకారం!

అడిగే దిక్కు లేదన్న మాట చరితకు కత్తి కన్నా లోతుగా దిగింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఆ గుంట పక్కన నిలబడ్డ మంత్రగాళ్ళు కూడా ఇదే అనుకుని ఉంటారు. బస్‌స్టాపులో పక్కన నిలబడ్డది ఎవరు? తిన్నావా అని అడిగింది ఎవరు? ఆ పిల్లకి ఎక్కడలేని రోషం తన్నుకొచ్చింది.

“అనను!” అని అరిచింది. “ఆమె నా చుట్టం! నేను బొట్టు పెట్టి పిలిచిన! నువ్వెవడివిరా పొమ్మనమనేటోడివి? అనను పో!”

బూడిద వలయం ఫెళ్ళున పగిలింది!

పొగలో ఉన్న ఆ స్త్రీ మొదటిసారి మట్టిలోంచి కాళ్ళు పైకి తీసింది! ఒక్క అడుగు... రెండో అడుగు... ఆమె నడిచిన చోట నేల ఎర్రబారింది. కత్తి నీరై కారిపోయింది. వీరభద్రరావు వెనక్కి పడుతూ లేస్తూ తనకొచ్చిన మంత్రాలన్నీ వల్లించాడు, ఉచ్చాటన, స్తంభన, ఏదీ పలకలేదు. ఆమె తన ప్రాచీన భాషలో ఒకే ఒక మాట అంది. అతని కాళ్ళ కింద భూమి నోరు తెరిచింది!

మోకాళ్ళ దాకా... నడుము దాకా... ఛాతీ దాకా దిగిపోయాడు, నిటారుగా!

“చరితా! అమ్మా! మీ అంకుల్‌ని! ఆ మూడోమాట అనెయ్యమ్మా... పొమ్మను దాన్ని... పొమ్మనూ...!”

చరిత అతని కళ్ళలోకి చూసింది. నోరు విప్పలేదు. మట్టి అతని గడ్డాన్ని, నోటిని, చివరికి ఆకాశం వైపు చాచిన వేళ్ళని మూసేసింది. ఆ తర్వాత అక్కడ చదును నేల తప్ప ఏమీ లేదు.

పొగలోంచి వచ్చిన ఆ స్త్రీ కపాలం ముందు కూర్చుని, దాన్ని రెండు చేతులా ఒళ్ళోకి తీసుకుంది. పుర్రె బూడిదై రాలింది. ఆ బూడిదలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది, శీతాకాలం కోటులో, బెరుకుగా. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆమె చరిత వైపు తిరిగింది. కదలలేదు. చూస్తూ నిలబడింది.

పిలిచి తెచ్చిన మనిషి సెలవివ్వందే చుట్టం గడప దాటదు. చరితకు అర్థమైంది. ఉండమంటే ఉంటుంది. బస్‌స్టాపులో, కంచం ముందు, ఈ జన్మంతా ఉంటుంది. “ఉండవా అమ్మా?” అన్న మాట గొంతు దాకా వచ్చింది. తన ప్రాణం పోతే పోయిందని కూడా అనిపించింది, ఒక్క క్షణం. కానీ ఎవరో ఉండమన్నారని ఎనిమిది వందల ఏళ్ళు నిలబడిపోయిన మనిషితో ఆ మాట ఎలా అంటుంది?

“నీ కాపలా అయిపోయింది. ఇంక ఎవరి కోసం నిలబడకు” అంది చరిత, ఏడుస్తూ. “అమృతను కూడా తీసుకపో. పైలం.”

ఆ అరిగిన మొహంలో ముక్కూ, కళ్ళూ, పెదవులూ తేటపడ్డాయి. చరిత ఈడు పిల్లే! నవ్వింది. ఇద్దరూ చేతులు పట్టుకుని సరస్సు వైపు నడిచారు. నల్లని సూర్యుడి అంచున వజ్రంలా ఒక వెలుగు పొడిచేసరికి ఒడ్డున ఎవరూ లేరు.

చరిత ఆ మట్టిరోడ్డు వెంబడి నడుచుకుంటూ పెద్దరోడ్డు చేరింది. రోడ్డు పక్కన వరసగా కార్లు. జనం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ, చప్పట్లు కొడుతున్నారు. పిల్లలు కేకలు వేస్తున్నారు. కాళ్ళు బలంగా పడుతున్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరి నిండుగా ఆడుతోంది. ఆమె బతికింది.

ఒక తెల్ల ముసలావిడ మడతకుర్చీలోంచి లేచి, మట్టి కొట్టుకుపోయిన ఈ పిల్లను చూసి దగ్గరికొచ్చింది. ఎక్కడికి వెళ్ళాలని అడిగింది. ఒషావా అని చెప్పింది చరిత. మేమూ అటే వెళ్తున్నాం, కారెక్కమంది ఆవిడ. వెనక సీటు మీద సామాన్లు జరుపుతూ, ఎంతమందికి చోటు కావాలో తెలియక, “ఒక్కదానివే వచ్చావా?” అని ఇంగ్లీషులో అడిగింది.

చరిత అలవాటుగా పక్కకు చూసింది.

“అవునండీ. ఒక్కదాన్నే” అని, ఆ ముసలావిడ భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చేసింది.